టాబ్లెట్టుకో గోళీ

సంక్రాంతి వెళ్లిన మూడోనాడు మా ఇంట్లో నా పరువు పోయింది. డైనింగ్ టేబుల్ మీది ఊరగాయ జాడీలూ నేతిగిన్నే ఓ పక్కకి జరిపి, మా అబ్బాయి కొనిచ్చిన టాబ్లెట్‌ని స్టాండుకి చేరేసి, దాని పక్కన ఓ మౌసు పెట్టుకుని కూర్చున్నాను. మావారు చదువుతున్న పేపరు దించి, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, కాసేపు అలా చూశారు.

"ఇదేమిటోయ్? వేలితో ముట్టుకుంటే పనైపోతుందనే కదా వాడు అంత డబ్బు పోసి అది కొన్నది. దానికి మళ్లీ ఎలకేమిటి? చేత్తో కలుపుకు తినే పప్పన్నాన్ని పట్టకారుతో తిన్నట్టు!"

మావారు బ్యాంకులో ముప్ఫైనాలుగేళ్లు పనిచేశారు. లోకంలో ప్రతి పనికీ ఒక పద్ధతి ఉంటుందనీ, అది ఎక్కడో ఏదో సర్క్యులర్లో రాసే ఉంటుందనీ ఆయన నమ్మకం. టాబ్లెట్‌కి మౌసు తగిలించమని ఏ సర్క్యులర్లోనూ లేదు కాబట్టి నేను చేస్తున్నది కనీసం మెమో ఇవ్వదగ్గ తప్పు. మా అత్తగారు పడక్కుర్చీలోంచి, "ఎలకా? ఎక్కడే? బోను పెట్టండర్రా" అన్నారు. ఆవిడకి ఎనభై ఆరు. వినపడాల్సినవి వినపడవుగానీ ఇలాంటివి మాత్రం గంట కొట్టినట్టు వినపడతాయి.

మౌసు పేరెత్తగానే వినాయకుణ్ణి లాక్కురాని తెలుగువాడు ఉండడు. ఆ జోకు మా ఇంట్లో ఆ ఒక్కపూటే మూడుసార్లు పేలింది. కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

అసలు నా గొడవేమిటో చెప్పుకోవాలి. నేను తెలుగు పంతులమ్మని. రిటైరయ్యాక ఊరుకోలేక బెజవాడలో ఇద్దరు ముగ్గురు ప్రచురణకర్తలకి ప్రూఫులు దిద్దిపెడుతున్నాను. ఒకప్పుడు ఏలూరు రోడ్డు నుంచి సత్యనారాయణపురంలో మా ఇంటిదాకా కుర్రాడు సైకిలు మీద కాగితాల కట్ట తెచ్చేవాడు. ఎర్ర పెన్నుతో దిద్ది మర్నాడు ఆ కట్టే తిప్పి పంపేదాన్ని. ఇప్పుడు కుర్రాడూ లేడు, కట్టా లేదు. రాత్రి పదిన్నరకి వాట్సప్‌లో పీడీఎఫ్ దిగుతుంది, దాని వెనకాలే "మేడమ్, రేపు పొద్దున్నకి" అంటూ ఓ దండం బొమ్మ. అక్షరాలు పెద్దవి చేసుకుని చూడొచ్చు, కళ్లకి సుఖం అని మా అబ్బాయి టాబ్లెట్ ఇచ్చాడు. నిజమే, కళ్లకి సుఖమే. కష్టమంతా వేలికి వచ్చింది.

ఇంగ్లీషు అక్షరాలు ప్రేయరులో పిల్లల్లా ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా నిలబడతాయి. మనవి అలా కాదు, ఉమ్మడి కుటుంబం. నెత్తిన తలకట్టో గుడో, కింద ఒత్తు, పక్కన వట్రసుడి, దాని చంకలో ఇంకో ఒత్తు. 'స్త్రీ' అనే అక్షరం కంప్యూటరు కడుపులో ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పైకి చూస్తే ఒక్కటే మనిషి. అందులో రావత్తు పోయిందనుకోండి, అది పెట్టడానికి అక్కడ వేలు పెడితే ఆ అక్షరమే కాదు, దాని అటూ ఇటూ ఉన్న చుట్టాలందరూ వేలి కింద మాయం. నేను ముట్టుకున్నదేమిటో నాకే కనపడదు. వేలు తీసి చూస్తే కర్సరు మాట చివరికో మొదటికో పోయి నిలబడి ఉంటుంది. మళ్లీ వేలు పెడతాను. ఈసారి మాటంతా నీలంగా మారి, కాపీ చెయ్యనా, కట్ చెయ్యనా, అనువదించనా అని అడుగుతుంది. పీడీఎఫ్ అయితే మరీ అన్యాయం. తప్పు కింద గీత గీద్దామని వేలితో లాగితే గీత పడదు, పేజీ పారిపోతుంది. నూట పదమూడో పేజీలో తప్పు పట్టుకుని నూట పదిహేడో పేజీలో తేలతాను.

పైగా నాది మామూలు వేలు కాదు. ముప్ఫై రెండేళ్లు సుద్దముక్క పట్టిన వేలు. గీతలన్నీ అరిగిపోయాయి. పెన్షన్ కోసం ఏడాదికోసారి నేను బతికే ఉన్నానని వేలిముద్ర వెయ్యాలి కదా, ఆ యంత్రం నాలుగుసార్లు కాదంటే ఒకసారి అవునంటుంది. టాబ్లెట్ తెర ముద్ర చూడదు, చర్మం తగిలినప్పుడు తన మీది విద్యుత్తులో వచ్చే పిసరంత మార్పుని పసిగడుతుంది. ఎండి బిరుసెక్కిన వేలయితే దానికి ఆనదు. అంటే ఒక యంత్రం లెక్కలో నేను పోయాను, రెండోదాని లెక్కలో అసలు పుట్టనేలేదు.

యంత్రాలకి తెలుగంటే బెరుకు కొత్తదేం కాదు లెండి. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక రకంగా కూర్చి సందేశంలో పంపిస్తే గొప్పగొప్ప ఫోన్లే కుప్పకూలాయి. ఆ ఫోన్లు చేసే కంపెనీ ఆదరాబాదరా సవరణ పంపించేదాకా ఆ అక్షరం పంపడం బాంబు పంపడంతో సమానం. జ్ఞానం మొయ్యలేక పడిపోయాయని మా స్టాఫ్‌రూములో నెల్లాళ్లు నవ్వుకున్నాం.

ఆ నవ్వు నాకు తగిలినట్టుంది. కిందటి దసరా ముందు ఒక హోమియో డాక్టరుగారి వ్యాసాల పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో 'ముందు', 'మాట' విడివిడిగా పడ్డాయి. మధ్యలో జాగా తీసి కలిపెయ్యాలి, అంతే. వేలు పెట్టాను. వేలి కింద ఏం జరిగిందో వేలికే ఎరుక. చెరిపే మీట ఒకసారి నొక్కాను, జాగా పోలేదు. ఇంకోచోట వేలు పెట్టి మళ్లీ నొక్కాను, పోయింది. రెండు మాటలూ కలిశాయి, తృప్తిగా పంపించేశాను. మొదటిసారి నొక్కినప్పుడు పోయింది జాగా కాదనీ, 'ము'కున్న కొమ్మనీ అచ్చయి వచ్చాక తెలిసింది. అయిదొందల ప్రతుల్లో, పెద్దక్షరాల్లో: 'మందుమాట'.

రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మూడోరోజు డాక్టరుగారే చేశారు. "మేడమ్, ఆ శీర్షిక మార్చింది మీరేనట కదా! ఎంత చమత్కారం! నా బుర్రకి తట్టనేలేదు. అందరూ మెచ్చుకుంటున్నారు." "ఏదోలెండి, మీ అభిమానం" అన్నాను. ఇలాంటి డాక్టర్లు ప్రతి పుస్తకానికీ దొరకరు.

ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లుతుంటే ఒక సంగతి తట్టింది. అన్నేళ్లు నల్లబల్ల ముందు నిలబడ్డాను, ఒక్కనాడూ అక్షరాన్ని చేత్తో చూపించలేదు. బెత్తంతో చూపించాను. చెయ్యి అడ్డం పెడితే చాలు, వెనక బెంచీలోంచి "కనపట్టంలేదు టీచర్" అని కేక. బెత్తానికి కొట్టడం కన్నా ఈ పనే ఎక్కువ ఉండేది, నా దగ్గర చదువుకున్నవాళ్లు ఒప్పుకోకపోవచ్చుగానీ. అక్షరాన్ని చూపించే పుల్ల సన్నగా ఉండాలి, చూపించే మనిషి పక్కకి తప్పుకోవాలి. బళ్లో ఒకటో తరగతి అయ్యవారికి కూడా తెలిసిన ఈ ముక్కని టాబ్లెట్లు చేసినవాళ్లు గట్టున పెట్టేశారు. మౌసు బాణం అంటే ఏమిటి? తెర మీద బెత్తం కొస. అంతే కదా.

ఆ బెత్తం కొసని కదపడానికి పెట్టె కనిపెట్టినాయన డగ్లస్ ఎంగెల్‌బార్ట్. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేవాడు. ఆయన ఊహకి 1964లో బిల్ ఇంగ్లిష్ అనే ఇంజనీరు రూపం ఇచ్చాడు. చెక్కతో చేసిన చిన్న పెట్టె, కింద రెండు చక్రాలు, పైన ఒక బొత్తాం. ఫొటోలో చూస్తే మా అమ్మమ్మ పోపులపెట్టె ఈనిన పిల్లలా ఉంటుంది. తోకలా తీగ వేలాడుతోందని మౌస్ అన్నారు. ఆ పేరు మొదట ఎవరి నోట వచ్చిందో వాళ్లకే గుర్తులేదట. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో నిండు సభలో ఎంగెల్‌బార్ట్ తొంభై నిమిషాలపాటు దాన్ని ఆడించి చూపించాడు. 1970లో పేటెంటు చేతికొచ్చింది, 1987లో గడువు తీరిపోయింది. మౌసులు ఇంటింటికీ బారులు తీరింది ఆ తర్వాత. చేతికింద పెట్టుకున్న ప్రతివాడూ ఆయన పనే వాడుకుంటాడు, ఆయనకి మాత్రం చెప్పుకోదగ్గ రాయల్టీ రాలేదు. ప్రూఫులు దిద్దేవాళ్ల జాతకమే.

నేను మొదటిసారి మౌసు పట్టుకున్నది మా బళ్లో, కంప్యూటరు గదిలో. ఊరంతటికీ ఏసీ ఉన్న గది అదొక్కటే అన్నట్టు, గుళ్లోకి వెళ్లినట్టు చెప్పులు బయట విడిచి వెళ్లేవాళ్లం. అప్పటి మౌసులకి పొట్టలో బంతి ఉండేది. ఇనపగుండుకి రబ్బరు తొడుగు. ఆ బంతి బల్ల మీది దుమ్మంతా లోపలికి ఈడ్చుకుపోయి చిన్న చిన్న రోలర్లకి పట్టించేది. పిన్నీసుతో గీకితే నల్లటి పీలికలు ఊడొచ్చేవి. అందులో ఓ ఆనందం ఉండేది, దాచుకోవడం ఎందుకు. నెలకో బంతి మాయమయ్యేది. తొమ్మిదో తరగతి పిల్లలు గోళీలాటకి పట్టుకుపోయేవాళ్లు. దాని దెబ్బకి ఎదుటివాడి గోళీ నిలవదట. జేబులు తడిమించి వసూలు చేసే పని నాది, ఎందుకంటే తెలుగు టీచర్‌కి ఖాళీ ఎక్కువని మా హెడ్మాస్టరుగారి అభిప్రాయం.

సరే, సంక్రాంతి నాటి మౌసులో బంతి లేదు. అడుగునుంచి వెలుగు పడుతుంది, బుల్లి కెమెరా సెకనుకి వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఈ ఫొటోకీ ఆ ఫొటోకీ తేడా చూసి ఎటు కదిలామో లెక్క కడుతుంది. మా డైనింగ్ టేబుల్ మీద అద్దం. అద్దంలో దానికి ఫొటో తీసుకోడానికి ఏమీ దొరక్క, ఉన్నచోటే గంగిరెద్దులా తలూపింది. కింద పేపరు పరిచాను. అది మావారు ఇంకా చదవని పేజీ. "ఎడిటోరియల్ మీద ఎలక తిరుగుతోంది" అని ఆయన అరిచిన అరుపుకి మా అత్తగారు రెండోసారి బోను అడిగారు.

అయినా పట్టు వదల్లేదు. నెల తిరిగేసరికి చెయ్యి తిరిగింది. ఒత్తు పక్కన ఆ బెత్తం కొస పెట్టి, ఒక్క నొక్కు. అటు చుట్టాలూ ఇటు చుట్టాలూ క్షేమం. మౌసు కూడా 'స్త్రీ' లోపలికి దూరి ఆ ఆరింటినీ విడదియ్యలేదనుకోండి. ఆ అక్షరం తర్వాత నిలబడి ఒక్కొక్కటే వెనక్కి చెరుపుకుంటూ రావల్సిందే. కానీ ఏ గుమ్మం ముందు నిలబడ్డానో కనపడుతోంది కదా, అది చాలు.

మావారి అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. ఆయన భాషలోనే జవాబు చెప్పాలని కాస్త వెతికాను. ఆండ్రాయిడ్ టాబ్లెట్లు 2011 నుంచే మౌసుని రానిచ్చాయి. నా దగ్గరున్న ఐప్యాడ్ రకం 2010లో వచ్చినా మౌసుని చాలాకాలం గడప దాటనివ్వలేదు. 2019లో దొడ్డిదారిన, చేతులు సరిగా స్వాధీనంలో లేనివాళ్లకి ఉపయోగపడే అమరికల్లో ఓ మూల చోటిచ్చారు. చివరికి 2020 మార్చి 24న రాజమార్గంలో పిలిచారు. ఇక్కడ మనల్ని ఇళ్లలోంచి బయటికి రావద్దని లాక్‌డౌన్ చెప్పిన రోజే అక్కడ మౌసుని ఇంట్లోకి రమ్మన్నారన్నమాట. అదీ బాణంగా కాదు, గుండ్రటి బూడిదరంగు చుక్కగా. అచ్చం బొట్టే. బొత్తాం మీదకి వెళ్తే బొట్టు కరిగి ఆ బొత్తాం ఆకారంలోకి మారిపోతుంది.

"ఇదిగో, తేదీతో సహా ఉంది" అని చూపించాను.

మావారు రెండుసార్లు చదివారు. "2020 మార్చి నుంచి అమల్లో ఉందా? ఆ ముక్క ముందే చెప్పద్దూ" అన్నారు. అంతే, కేసు కొట్టేశారు.

ఉగాది వచ్చేసరికి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. సీసా మూత తియ్యలేను, చపాతీపిండి కలపలేను. (రెండోదానికి నేనేమీ బాధపడలేదు.) డాక్టరుగారు బొటనవేలిని పిడికిట్లో ముడిచి పట్టుకోమని, మణికట్టుని చిటికెనవేలి వైపుకి ఒక్క వంపు వంచారు. మా ఏడుతరాల పెద్దలూ వరసగా కనపడ్డారు. దీన్ని డి కెర్వేన్ అంటారనీ, 1895లో ఆ పేరుగల స్విస్ సర్జన్ దీని సంగతి రాశాడనీ చెప్పారు. పేరుగల జబ్బు వచ్చిందని నాకు కాస్త గొప్పగా కూడా అనిపించింది. ఫోన్లో బొటనవేలితో టైపు చెయ్యడం, రాత్రిళ్లు మౌసుని ఉడుంపట్టు పట్టడం, రెండూ కలిశాయన్నారు. పట్టీ వేసి, "మణికట్టు కదలకుండా, వేలికి విశ్రాంతినిస్తూ చూసుకోవాలమ్మా. ట్రాక్‌బాల్ అని వస్తుంది, ప్రయత్నించండి" అన్నారు.

కంప్యూటర్ల కొట్లో కుర్రాడు ఉత్సాహంగా ఒకటి తీసి చూపించాడు. ఎడమవైపు నేరేడుపండులా బంతి. "ఇందులో చెయ్యి కదపక్కర్లేదాంటీ. బొటనవేలు ఒక్కటే పనిచేస్తుంది."

"నాయనా, పనిచెయ్యకూడనిది అదొక్కటే."

వాడు కాసేపు ఆలోచించి, లోపల్నించి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి తెచ్చాడు. ఇది రెండోరకం. పళ్లెంలాంటి దిమ్మె, దాని మధ్యలో నల్లటి బంతి, పెద్ద నిమ్మకాయంత ఉంటుంది. దిమ్మె కదలదు. చూపుడువేలూ మధ్యవేలూ బంతి మీద ఆనించి దొర్లిస్తే తెర మీద బొట్టు కదులుతుంది. రెండేళ్లుగా ఎవరూ అడగలేదట. నేను అడిగానని కేబుల్ ఒకటి ఊరికే ఇచ్చాడు. నా ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది కాబట్టి పనిచేస్తోందో లేదో మావారి ఫోనుకి కలిపి చూపించాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనుంది.

గోళీసోడా తాగినవాళ్లకి ట్రాక్‌బాల్ గురించి వేరే చెప్పక్కర్లేదు. ముద్దుగా, చల్లగా, నునుపుగా వేలి కింద అటూ ఇటూ ఆడుతుంది. పొట్టలో బంతి ఉన్న పాతకాలపు మౌసుని వెల్లకిలా పడుకోబెడితే అదే ఇది. కానీ వయసులో ఇదే పెద్దది. బ్రిటిష్ నౌకాదళం కోసం రాల్ఫ్ బెంజమిన్ అనే ఆయన 1946లోనే బంతిని దొర్లించి తెర మీద గుర్తుని కదిపే యంత్రం ఆలోచించాడు. యుద్ధరహస్యం కింద బీరువాలో పెట్టేశారు. 1952లో కెనడా నౌకాదళం వాళ్లు విడిగా ఇంకోటి చేశారు. దానికి బంతి ఎక్కడ దొరుకుతుంది? అక్కడివాళ్లు బౌలింగ్ ఆటలో దొర్లించే బంతి తెచ్చి పెట్టేశారు. చిన్నరకం బంతేలెండి, అయినా కొబ్బరికాయంత. శత్రువు ఓడ ఎక్కడుందో కొబ్బరికాయంత గోళీ తిప్పి గుర్తుపెట్టడం! నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. మా తొమ్మిదో తరగతి పిల్లలు మౌసుల్లోంచి బంతులు తీసి గోళీలాడారు, వాళ్లు ఆటస్థలంలోంచి బంతి తెచ్చి ట్రాక్‌బాల్ చేశారు.

మొదటి రెండు రోజులు బొట్టు నా మాట వినలేదు. మెల్లగా తోస్తే కదలదు, కొంచెం గట్టిగా తోస్తే తెర అంచుకి పోయి అతుక్కుంటుంది. కొత్త గోళీ పట్టేస్తూ ఉంటుంది, వేళ్ల జిడ్డు కాస్త అంటుకున్నాక మాట వింటుంది. మూడోరోజు అప్పడాలు వేయించి చెయ్యి సరిగ్గా తుడుచుకోకుండా కూర్చున్నాను. ఇక చూస్కోండి.

ఆ సంతోషం మా కోడలితో పంచుకుందామని ఫోను చేశాను. మా కోడలిది హన్మకొండ. ఆ వైపు మాత్రని గోలీ అంటారన్న సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ క్షణంలో తట్టలేదు.

"టాబ్లెట్‌తో చెయ్యి నొప్పి తగ్గట్లేదమ్మా. అందుకని గోళీ పెట్టా. ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది."

"ఏం గోలీ అత్తమ్మా? డాక్టర్ రాసిండా?"

"ఆయనే చెప్పారు. కానీ కొట్లో కుర్రాడు ముందు వేరేది ఇచ్చాడు. నేనే కాదని పెద్దది అడిగి తెచ్చుకున్నా."

"అయ్యో, పెద్దదెందుకు? పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటా?"

"రోజంతా. రాత్రి పదకొండు దాకా తిప్పుతూనే ఉన్నా. తల తిరుగుతుందనుకున్నాగానీ, రెండు రోజులకి అలవాటైపోయింది."

అటువైపు నిశ్శబ్దం. పావుగంటకి మా అబ్బాయి చేశాడు. "అమ్మా, ఆ మందు పేరు ఫొటో తీసి పంపు. కార్లో బయల్దేరుతున్నాం."

ఇక మావారి ఫోను సంగతి. ఈ గోళీ దిమ్మెకి అడుగున 1, 2, 3 అని మూడు బొత్తాలుంటాయి. ఒకే గోళీని మూడు యంత్రాలకి కలిపి, ఏ బొత్తాం నొక్కితే దానికి వాడుకోవచ్చు. ఒకటి నా టాబ్లెట్. రెండు, కొట్లో కుర్రాడి పుణ్యమా అని, మావారి ఫోను. ఒకనాడు బల్ల తుడుస్తూ దిమ్మెని ఎత్తినప్పుడు నా వేలు రెండు మీద పడినట్టుంది. చూసుకోలేదు.

హాల్లో నేను కూర్చుని గోళీ తిప్పుతున్నాను. తెర మీద బొట్టు లేదు. దుమ్ము పట్టిందేమోనని ఇంకా జోరుగా తిప్పాను. బొత్తాలు టకటకా నొక్కాను. లోపల గదిలోంచి కేక.

"ఏమోయ్! ఎవడో దూరాడు!"

"ఎక్కడ?"

"ఫోన్లో!"

డిజిటల్ అరెస్టుల వార్తలు పేపర్లోంచి కత్తిరించి ఫైలు చేసుకునే మనిషి. చేతిలో ఫోను, దాని నడిమధ్యన ఎన్నడూ చూడని బాణం. అది తనంతట తాను పరుగెడుతోంది, ఫొటోలు తెరుస్తోంది, మూస్తోంది. నేను ఇక్కడ ఎంత కంగారుగా తిప్పితే అది అక్కడ అంత వీరంగం. "1930కి చెయ్యాలి, 1930కి" అంటూ పరుగెత్తుకొచ్చారు. సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు ఆయనకి కంఠతా. కానీ ఫోను చెయ్యాల్సింది ఆ ఫోన్లోంచే కదా. అందుకని ముందు దొంగని బంధిద్దామని వంటింట్లోకి వెళ్లి దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూతేశారు. నేను ఏమీ తెలియక ఇంకో నాలుగు నొక్కులు నొక్కాను.

బియ్యం డబ్బాలోంచి గొంతు వినపడింది. "హలో... హలో... బావా, నువ్వేనా? రెండేళ్లకి గుర్తొచ్చానా?"

గుడివాడలో ఉన్న మా ఆడపడుచు భర్త. పొలం గట్టు తగాదాలో మాటలు లేవు.

మా అత్తగారు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి డబ్బా వంక చూశారు. "అల్లుడుగారు బియ్యం డబ్బాలో ఉన్నారేమిట్రా? బయటికి రమ్మను, కాఫీ ఇద్దాం."

నేను నీకు ఫోను చెయ్యలేదని ఏ నోటితో చెప్పగలరు? మూత తీశారు. "ఆఁ బావా, ఊరికేనే... ఎలా ఉన్నావో అని" అన్నారు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆయనకీ కిందటి నెల ఎవడో ఫోను చేసి బెదిరించాడట, ఇద్దరికీ బోలెడు కబుర్లు. మధ్యలో నాకు విషయం అర్థమై దిమ్మె తిప్పి ఒకటి నొక్కి, నా బొట్టు నేను తెచ్చుకున్నాను. అసలు సంగతి ఇప్పటిదాకా ఆయనకి చెప్పలేదు. పత్రికల్లో ఆయన చదివేది వడ్డీరేట్లు మాత్రమే కాబట్టి ఇక్కడ రాసినా ఫర్వాలేదు.

ఆషాఢంలో బొట్టు మళ్లీ మొరాయించింది. ఈసారి నిజంగానే దుమ్ము. గోళీ కింద మూడు చిన్న పూసలుంటాయి, దాని బరువంతా వాటి మీదే. వాటికి నూగు పడుతుంది. అడుగునున్న చిల్లులోంచి పెన్సిలుతో పొడిస్తే గోళీ పైకి వస్తుంది, తుడుచుకుని మళ్లీ పెట్టుకోవచ్చు. నేను కాస్త గట్టిగా పొడిచాను. గోళీ ఎగిరి బల్ల దిగి, గడప దాటి, ఎటు పోయిందో పోయింది. బీరువాల కింద చీపురుపుల్ల ఆడించాను, మంచాల కింద టార్చి వేశాను. లేదు. మళ్లీ పాత నరకం, వేలు. రెండు రోజుల్లో నలభై పేజీలు దాటలేదు.

మూడోరోజు దీపం పెడదామని పూజగదిలోకి వెళ్తే వెండిపళ్లెంలో తులసిదళాల మీద, గంధం బొట్టుతో, నా గోళీ.

"పనిమనిషి చిమ్ముతుంటే దొరికిందటే" అన్నారు అత్తగారు, కళ్లు చెమర్చి. "మీ మావగారు ముక్తినాథ్ నుంచి తెచ్చిన సాలగ్రామం. ఎక్కడ పెట్టారో చెప్పకుండానే పోయారు మహానుభావుడు. ఇన్నేళ్లకి దొరికింది. బంగారు చుక్కలు చూడు, ఎలా మెరుస్తున్నాయో!"

చుక్కలున్న మాట నిజం. గోళీ ఎటు తిరిగిందో కింది కెమెరాకి తెలియడానికి దాని ఒంటినిండా ఆ సన్నటి చుక్కలు పెడతారు. శుక్లాలు ముదిరాయని ఆపరేషన్‌కి తేదీ తీసుకున్న ఆవిడకి అవి కనపడ్డాయి, మూడు నెలలుగా దాన్ని తిప్పుతున్న నేను ఆరోజే చూశాను.

"అత్తయ్యగారూ, అది నా గోళీ అండీ."

"సాలగ్రామాన్ని పట్టుకుని గోళీ అంటావా? లెంపలేసుకో."

వేసుకున్నాను. తర్వాత మావారి దగ్గర పంచాయితీ పెట్టాను. అప్పటికే మూడు రోజులు పాలతో అభిషేకం జరిగింది, నైవేద్యాలు జరిగాయి, సాలగ్రామానికి నిత్యపూజ మొదలుపెట్టాక మానకూడదు. అటు చూస్తే నా ప్రూఫులు. ఆయన కాగితం తీసుకుని రెండు పక్షాల వాదనలూ రాసుకుని, లాకరు నిబంధనలు తెలిసిన మనిషి కాబట్టి ఓ మార్గం చెప్పారు. ఉదయం తొమ్మిదింటిదాకా అమ్మ దగ్గర, తొమ్మిది నుంచి సాయంత్రం ఆరుదాకా నా దగ్గర. ఆరింటికి కడిగి, తుడిచి, అప్పజెప్పాలి. అత్తగారు ఒప్పుకున్నారు. సాలగ్రామం పగలంతా నా బల్ల మీద ఉంటే చదువు వస్తుందని ఆవిడ అభిప్రాయం.

రెండు వారాలుగా అలాగే నడుస్తోంది. పొద్దున్నే గంధమూ పాలజిడ్డూ మెత్తటి గుడ్డతో తుడిచి దిమ్మెలో పెడతాను. గంధం గానీ ఒక్క పిసరు మిగిలిందా, బొట్టు ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. నిన్న ఏకాదశి కావడంతో పూజ ఆలస్యమైంది. తొమ్మిదిన్నరకి ప్రచురణకర్త ఫోను. "మేడమ్, ప్రూఫులు మొదలుపెట్టారా?"

"ఇంకా లేదండీ. అభిషేకం అవుతోంది. కాగానే పెడతాను."

ఆయన ఓ క్షణం ఆగి, "మంచిదండీ. నా పేరున కూడా ఓ అర్చన చేయించండి, గోత్రం వాట్సప్‌లో పంపిస్తాను" అన్నారు.